సిలబస్ కమిటీ పెద్దలకు: పిల్లలకు పేజీలోంచి బయటికి రావడం నేర్పండి

అయ్యా, అమ్మా,

డిజిటల్ అక్షరాస్యత మీద, అంటే ఫోన్లో, ఇంటర్నెట్‌లో కనిపించేదాన్ని సరిగ్గా చదివి బాధ్యతగా వాడుకోవడం మీద మీరు కొత్త పాఠం తయారు చేస్తున్నారు కదా. దీని మీద పాఠం రాయమని ఎవరిని కూర్చోబెట్టినా ఒకే పాఠం వస్తుంది. మొదట నిర్వచనం, తర్వాత రకాలు, ఆపైన లాభాలూ నష్టాలూ, చివర్లో ఒక పెట్టె కట్టి అందులో చేయవలసినవి, చేయకూడనివి. పక్కన బొమ్మలో ఒక కంప్యూటరు, దాని ముందు నవ్వుతూ ఇద్దరు పిల్లలు. పరీక్షలో "తప్పుడు సమాచారం అనగానేమి? దాని లక్షణములు నాలుగు రాయుము" అని అడుగుతారు. పిల్లలు రాసేస్తారు. నాలుగుకి నాలుగు మార్కులూ వస్తాయి. అదే సాయంత్రం ఫోన్ చేతికి రాగానే, ఆ నాలుగు లక్షణాలూ నిండుగా ఉన్న మెసేజ్‌ని ఉన్న గ్రూపులన్నిట్లోనూ పడేస్తారు. మీరు అడిగింది రాయమని, వాళ్లు రాశారు, చెయ్యమని ఎవరూ అడగలేదు కాబట్టి పిల్లల తప్పేం లేదు.

నేను ఒక స్కూల్ లైబ్రరీ చూసుకుంటాను. ప్రాజెక్టులంటూ పిల్లలు వచ్చి కంప్యూటర్ల ముందు కూర్చుంటారు, వాళ్ల వెనకాల నిలబడి ఏం నొక్కుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, దేన్ని చూసి "ఆ, ఇది కరెక్ట్" అనుకుంటున్నారో చూడటమే నా ఉద్యోగంలో సగం. టీచర్లకి దొరకని దృశ్యం ఇది, వాళ్లకి పూర్తయిన చార్టే కనిపిస్తుంది. అందుకే మీకు ఈ లేఖ రాస్తున్నాను. అడగబోయేది కొత్త సబ్జెక్టు కాదు, కొత్త పుస్తకం అంతకన్నా కాదు.

ముందు పరిస్థితి ఎలా ఉందో చూడండి. 2018, 2019లలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 3,446 మంది హైస్కూల్ పిల్లలకి ఒక పరీక్ష పెట్టారు, ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. అందులో ఒక వీడియో ఉంది. మసక మసగ్గా, ఎవరో బ్యాలెట్ పెట్టెలో కాగితాలు కుక్కుతున్నట్టు. అమెరికాలో 2016 ప్రైమరీ ఎన్నికల్లో (పార్టీలు తమ అభ్యర్థిని ఎన్నుకునే ఎన్నికలు) జరిగిన మోసం అని దానికి శీర్షిక. ఇంటర్నెట్ వాడుకోవచ్చు, వెతుక్కోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. నిజానికి అవి రష్యాలో తీసిన దృశ్యాలు, రెండు మాటలు టైప్ చేసి వెతికితే ఆ సంగతి బయటపడుతుంది. 52 శాతం మంది "ఇది బలమైన సాక్ష్యం" అన్నారు. అసలు వీడియో ఎక్కడిదో కనుక్కున్నవాళ్లు ఎంతమందో తెలుసా? అంత మందిలో ముగ్గురు. శాతం కాదండీ, ముగ్గురంటే ముగ్గురు పిల్లలు.

అదే పరీక్షలో వాతావరణ మార్పుల మీద ఒక వెబ్‌సైట్ ఇచ్చి నమ్మవచ్చా అని అడిగారు. దాని వెనకాల బొగ్గు, చమురు కంపెనీలతో సంబంధాలున్నాయి. ఆ సంబంధం వల్ల సైటు మీద నమ్మకం ఎందుకు తగ్గాలో 96 శాతం మందికి తట్టనే లేదు. వీళ్లే మనం "పుట్టగానే ఫోన్ పట్టుకున్న తరం, మనకే నేర్పుతారు" అని మురిసిపోయే పిల్లలు. ఫోన్ వాడటం వచ్చినంత మాత్రాన చదవటం వచ్చినట్టు కాదు. చాలా దేశాల పిల్లలకి ఒకేలా పెట్టే 2018 పీసా పరీక్షల్లో కూడా, ఓఈసీడీ అనే ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి సగటు తీసుకుంటే 15 ఏళ్ల పిల్లల్లో 47 శాతం మందే వాస్తవానికీ అభిప్రాయానికీ తేడా చెప్పగలిగారు. ధనిక దేశాల్లో, ప్రతి స్కూల్లో కంప్యూటర్లున్న చోట ఇదీ సంగతి.

మరి వాళ్లకి ఏమీ నేర్పలేదా అంటే, నేర్పారు. అక్కడే ఉంది చిక్కు. చెక్‌లిస్ట్ నేర్పారు, మీరూ అదే వేస్తున్నారు. సైటు అడ్రసు చివర డాట్ ఆర్గ్ ఉందా చూడు, రచయిత పేరుందా చూడు, తేదీ ఉందా, "మా గురించి" పేజీ ఉందా, అచ్చుతప్పులున్నాయా, డిజైన్ నీటుగా ఉందా, కింద ఆధారాలు ఇచ్చారా. బుద్ధిమంతులైన పిల్లలు ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ పోతారు, అన్నీ ఉంటే నమ్ముతారు. కానీ ఇవన్నీ ఆ పేజీ తన గురించి తాను చెప్పుకున్న విషయాలే కదా! దొంగని పట్టుకుని "నువ్వు మంచివాడివేనా" అని అతన్నే అడిగి, అవునన్నాడని వదిలేయడం లాంటిది ఇది. డాట్ ఆర్గ్ ఎవరైనా కొనుక్కోవచ్చు, దానికి ఏ అర్హతా అక్కర్లేదు. మోసం చేయాలనుకున్నవాడు "మా గురించి" పేజీ అందరికన్నా అందంగా రాసుకుంటాడు. అచ్చుతప్పుల సంగతైతే ఇక చెప్పనే అక్కర్లేదు, ఇప్పుడు ఏ కృత్రిమ మేధ టూల్‌కి ఇచ్చినా తప్పుల్లేని భాష క్షణాల్లో వచ్చేస్తుంది. ఒకప్పుడు కొంతైనా పనిచేసిన గుర్తు, ఈ రోజు పిల్లల్ని తప్పుదోవ పట్టించే గుర్తయింది.

సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ అనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దీన్ని బాగా తవ్వారు. పదిమంది చరిత్ర ప్రొఫెసర్లు, పదిమంది ఫ్యాక్ట్ చెకర్లు (వార్తల్లో నిజమెంతో తేల్చడమే పనిగా ఉన్నవాళ్లు), పాతికమంది యూనివర్సిటీ స్టూడెంట్లు. వీళ్లకి పిల్లల డాక్టర్ల సంఘాల సైట్లు రెండు చూపించారు. ఒకటి 1930 నుంచీ ఉన్న పెద్ద సంఘం, వేలకు వేల మంది సభ్యులు. రెండోది దాన్నుంచి 2002లో విడిపోయిన చిన్న వర్గం, పేరు మాత్రం దాదాపు అలాగే గంభీరంగా ఉంటుంది. చరిత్ర ప్రొఫెసర్లంటే పాత పత్రాల్ని నిశితంగా చదవటమే వృత్తిగా ఉన్నవాళ్లు, వాళ్లలోనే చాలామంది తడబడ్డారు. స్టూడెంట్లలో ఎక్కువమంది రెండోదే నమ్మదగ్గదన్నారు, దాని పేజీ శుభ్రంగా ఉందట. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం అందరూ సరిగ్గా చెప్పారు, అది కూడా తక్కువ టైమ్‌లో, ఆ పేజీని సరిగ్గా చదవకుండానే!

ఎలాగంటే, వాళ్లు పేజీలో దిగగానే బయటికి వచ్చేశారు. కొత్త ట్యాబ్ తెరిచి ఆ సంఘం పేరు కొట్టారు, దాని గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూశారు, ఇంకో ట్యాబ్, ఇంకో ట్యాబ్. సంగతి అర్థమయ్యాకే వెనక్కి వచ్చి చదివారు. చదువుకున్నవాళ్లు పేజీలో పైనుంచి కిందికి దిగుతూ చదివితే, ఫ్యాక్ట్ చెకర్లు పక్కకి వెళ్లి చదివారు. మనం పిల్లలకి ఒకటో క్లాసు నుంచీ చెప్పేదేంటి? పేజీ మొత్తం చదువు, మధ్యలో వదిలేయకు, శ్రద్ధగా చదువు. పుస్తకానికి అది సరైన మాటే. కానీ ఎవరు రాశారో తెలియని పేజీ మీద శ్రద్ధ పెట్టడం అంటే రాసినవాడికి మన టైమూ మన బుర్రా అప్పగించడమే.

ఇదేదో గొప్ప వాళ్లకే సాధ్యం అనుకోకండి. అమెరికాలోనే ఒక జిల్లా స్కూళ్లలో మామూలు టీచర్ల చేత ఇలా పక్కకి వెళ్లి చదవడం మీద 50 నిమిషాల పాఠాలు ఆరు చెప్పిస్తే, చెప్పించుకున్న పిల్లలు చెప్పించుకోనివాళ్లకంటే స్పష్టంగా మెరుగయ్యారని 2022లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. ఆరు పీరియడ్లు. యాన్యువల్ డే డాన్స్ రిహార్సల్స్‌కి ఇంతకన్నా ఎక్కువ పోతాయి.

ఇక పిల్లల దగ్గర ఇది ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. తొమ్మిదో క్లాసు అబ్బాయి ఒకడు వరదల మీద చార్టు చేస్తూ ఒక ఫొటో ప్రింట్ తీయమని వచ్చాడు. అప్పుడు అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న ఫొటో, రోడ్డు మీద నడుము లోతు నీళ్లు, సగం మునిగిన కార్లు. ప్రింట్ తీసే ముందు ఇమేజ్ సెర్చ్‌లో పెడదామా అన్నాను. ఫొటోని టిన్‌ఐ అనే సైట్‌లో పెట్టాం, అది 2008 నుంచీ ఉంది, వచ్చిన ఫలితాల్ని పాతవి ముందు వచ్చేలా పేర్చుకోవచ్చు, అదే దానిలో నాకు నచ్చే గుణం. అలా పేర్చి చూస్తే అదే ఫొటో ఎన్నో ఏళ్ల కిందటిది, వేరే దేశానిది. ఫొటోని పెద్దది చేసి చూడమన్నాను. కార్లు మన దగ్గరలా రోడ్డుకి ఎడమ వైపు కాకుండా కుడి వైపు ఉన్నాయి, బోర్డుల మీద లిపి వేరు. ఇవన్నీ మొదటి నుంచీ ఫొటోలోనే ఉన్నాయి, వాడి కళ్ల ముందే. వాడి మొహం చిన్నబోయింది. కాసేపు ఆగి అడిగాడు, "అయితే వరద రాలేదా మేడమ్?"

ఈ ప్రశ్న దగ్గర మీరూ కాసేపు ఆగాలని నా కోరిక. వరద వచ్చింది. నిజంగానే వచ్చింది. ఫొటోనే పాతది. చెప్పిన విషయం వేరు, దానికి చూపించిన సాక్ష్యం వేరు, ఒకటి పోయినంత మాత్రాన రెండోది పోదు. పిల్లవాడికి ఇది ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే మన పాఠాల్లో ఉన్నది రెండే గళ్లు, నిజం, అబద్ధం. ఫోన్లో తిరిగే వాటిలో పూర్తిగా కల్పించినవాటికన్నా, నిజమైన ఫొటోకి వేరే శీర్షిక, నిజమైన మాటకి వేరే సందర్భం, నిజమైన అంకెకి వేరే సంవత్సరం తగిలించినవే నాకు ఎక్కువగా కనిపిస్తాయి. వీటిని రెండు గళ్లలో ఎక్కడ పెడతాడు వాడు? ఆ రోజు మేమిద్దరం ఆ వరద గురించి వాతావరణ శాఖ ఏమంది, పత్రికల్లో వచ్చిన ఫొటోలు ఏవి అని వెతికి, కింద తేదీ, ఫొటో తీసినవారి పేరు ఉన్నది ఒకటి ప్రింట్ తీశాం. చార్టు మీద అది మొదటిదానంత భయంకరంగా లేదు. వాడికి కొంచెం బాధగానే ఉంది.

దీన్నుంచే ఇంకో మాట. దయచేసి పిల్లలకి అనుమానం ఒక్కటే నేర్పి వదిలేయకండి. "ఇంటర్నెట్‌లో ఏదీ నమ్మకండి" అని గోడ మీద రాసిన స్కూళ్లు చూశాను. అన్నీ నమ్మేవాడు ఎంత తేలిగ్గా దొరుకుతాడో, ఏదీ నమ్మనివాడు అంతకన్నా తేలిగ్గా దొరుకుతాడు, వాడు చివరికి తన గుంపు చెప్పిందే పట్టుకుంటాడు. డీప్‌ఫేక్‌లు, అంటే కంప్యూటర్‌తో కల్పించిన నిజంలాంటి వీడియోలు వచ్చాక ఇది మరీ ముదిరింది, నిజమైన వీడియోలో దొరికిపోయిన పెద్దమనిషి కూడా "అది ఫేక్" అని చేతులు దులుపుకుంటున్నాడు. రాబర్ట్ చెస్నీ, డేనియెల్ సిట్రన్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్లు దీనికి "అబద్ధాలకోరుకి దక్కే డివిడెండ్" అని పేరు పెట్టారు. అందరికీ అన్నిటి మీదా అనుమానం ఉంటే లాభపడేది వాడే.

కాబట్టి నమ్మడం కూడా నేర్పాలి, కారణంతో నమ్మడం. పత్రిక తప్పు వేస్తే సవరణ ఎక్కడ వేస్తుంది, ఎందుకు వేస్తుంది. సైన్సు పత్రికలో వ్యాసం రావాలంటే ఎవరెవరు చదివి ఒప్పుకోవాలి, వచ్చాక కూడా ఎలా వెనక్కి తీసుకుంటారు. దీనికి ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ డాక్టరు వ్యాసం కన్నా మంచి పాఠం నాకు తెలీదు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, పిల్లలకి తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ సంబంధం ఉందన్న అనుమానం దాంతోనే పాకింది, అందులో ఉన్నది మొత్తం 12 మంది పిల్లలు. తర్వాత లక్షల మంది పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో అలాంటి సంబంధం ఏదీ కనిపించలేదు. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. అయినా "పరిశోధనలో తేలింది" అని ఆ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. ఎంతమంది మీద చేశారు, తర్వాత ఎవరైనా మళ్లీ చేసి చూశారా, ఇప్పుడు దాని పరిస్థితి ఏంటి, ఈ మూడు ప్రశ్నలు సైన్సు మాస్టారు అడిగిస్తే చాలు. ఇది కంప్యూటర్ పాఠం ఎలా అవుతుంది? సైన్సు పాఠమే. శాంపుల్ చిన్నదైతే ఏమవుతుందో లెక్కల పాఠం. ఫొటో తేదీ, ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్నది చరిత్ర పాఠం. ఫిన్లాండ్ వాళ్లు 2014లో ఖరారు చేసి 2016 నుంచి అమలు చేసిన పాఠ్యప్రణాళికలో దీన్ని విడి సబ్జెక్టుగా పెట్టలేదు, అన్ని సబ్జెక్టుల్లోనూ కలిపారు. మీరు కంప్యూటర్ టీచర్ నెత్తిన పెట్టి ఊరుకుంటే, ఆయన పాపం పాస్‌వర్డ్ ఎన్ని అక్షరాలుండాలో చెప్పి వదిలేస్తాడు. (అదీ కావాలి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్న మాటా కావాలి, కాదనను. కానీ అవి ఒక్క పీరియడ్‌లో అయిపోయే పనులు.)

వికీపీడియా గురించి రెండు మాటలు. నిషేధించకండి. నిషేధిస్తే చూడకుండా ఉండరు, చూసి చెప్పకుండా ఉంటారు, అంతే తేడా. వ్యాసం కింద ఇచ్చిన ఆధారాల్లోకి వెళ్లడం, చరిత్ర ట్యాబ్ నొక్కి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూడటం, చర్చ పేజీలో జనం దేని మీద కొట్టుకుంటున్నారో చదవటం నేర్పండి. తయారవుతున్న సమాచారాన్ని తెర తీసి చూపించే చోటు అంత పెద్దది మరొకటి లేదు.

అడిగిందానికి మనిషిలా జవాబు రాసిచ్చే చాట్‌బాట్‌ల సంగతి ఇంకా ముఖ్యం. 2023లో న్యూయార్క్‌లో ఒక కేసు జరిగింది. విమానయాన సంస్థ మీద వేసిన దావాలో ఒక లాయరు చాట్‌జీపీటీని అడిగి పాత తీర్పులు తెచ్చి కోర్టుకి ఇచ్చాడు. వాటిలో ఆరు అసలు లేనే లేవు, పేర్లూ నంబర్లూ అన్నీ అదే కల్పించింది. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. పిల్లలకి చెప్పాల్సింది జరిమానా గురించి కాదు. ఆ లాయరు చెక్ చేశాడు! ఎలా చేశాడంటే, "ఇవి నిజమైన కేసులేనా" అని మళ్లీ ఆ చాట్‌బాట్‌నే అడిగాడు, అది అవునంది. పేజీలోంచి బయటికి రాకపోవడం అంటే ఇదే, యంత్రం మారింది తప్ప అలవాటు అదే. లా చదివిన మనిషికే లేని అలవాటు మన ఎనిమిదో క్లాసు పిల్లలకి మంత్రం వేసినట్టు వస్తుందా? నా లైబ్రరీలో ఇప్పుడు ఒకటే రూలు: చాట్‌బాట్ ఏ పుస్తకం పేరు చెప్పినా, ఏ పరిశోధన పేరు చెప్పినా, అది ఉందో లేదో వేరే చోట కనపడాలి. వాళ్లకి ఇది ఆట అయిపోయింది, లేని పుస్తకం పట్టుకున్నవాళ్లు అరుపులు, నేను "లైబ్రరీలో నిశ్శబ్దం" బోర్డు చూపిస్తూ ఉంటాను.

ఇప్పటిదాకా చెప్పింది తెలుసుకోవడం గురించి. బాధ్యత అనే మాట మీ పాఠం పేరులోనే ఉంది కదా, దాని దగ్గరికి వస్తాను. తెలియక పంపేవాళ్లకన్నా, అసలు ఆలోచించకుండా పంపేవాళ్లు ఎక్కువ అని గోర్డన్ పెన్నీకుక్, డేవిడ్ రాండ్ అనే పరిశోధకుల బృందం 2021లో నేచర్ అనే సైన్సు పత్రికలో రాసింది. వార్త నిజమా కాదా అని అడిగితే జనం బాగానే చెబుతున్నారు, పంచుకుంటావా అని అడిగితే మాత్రం నిజమా కాదా అన్న ఆలోచనే పక్కకి పోతోంది. ఒక్క హెడ్‌లైన్ చూపించి "ఇది ఎంతవరకు నిజమనుకుంటున్నావు" అని ముందుగా అడిగితే చాలు, తర్వాత వాళ్లు పంచుకునేవాటి నాణ్యత మెరుగైంది. అంటే పిల్లలకి ఎక్కువ జ్ఞానం కాదు, బొటనవేలు కదిలే ముందు ఒక్క క్షణం ఆగే అలవాటు కావాలి. కోపం వచ్చినప్పుడు, భయం వేసినప్పుడు, "చూశావా, నేను ముందే చెప్పాను" అనిపించినప్పుడు మరీ ఆగాలి. 2018లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు ట్విట్టర్ మీద చేసిన పెద్ద అధ్యయనంలో అబద్ధపు వార్త మళ్లీ షేర్ అయ్యే అవకాశం నిజమైన వార్తకన్నా 70 శాతం ఎక్కువని తేలింది, దానికి కారణం బాట్‌లు (వాటంతటవే పోస్టులు పెట్టే ప్రోగ్రామ్‌లు) కాదు, మనుషులే.

ఇంకోటి, మళ్లీ మళ్లీ విన్నది నిజమనిపిస్తుంది. 1977 నుంచీ పరీక్షించి చూస్తున్న విషయమే ఇది. అందుకే "ఇది అబద్ధం, చూడండి ఎంత దారుణమో" అంటూ ఆ అబద్ధపు పోస్టునే యథాతథంగా పంచుకునే పెద్దమనుషులు, తెలియకుండా దాన్ని ఇంకో వంద కళ్లకి చూపిస్తున్నారు. ఖండించాలంటే నిజాన్ని ముందు పెట్టాలి, అబద్ధాన్ని ఒక్క వాక్యంలో తేల్చాలి. తప్పుడు మెసేజ్ పంపేశాక ఏం చేయాలి అన్నది ఏ పుస్తకంలోనైనా చూశారా? నేను చూడలేదు. డిలీట్ చేసి మాట్లాడకుండా ఊరుకోవాలా, పంపిన ప్రతి గ్రూపులోనూ "నేను పంపింది తప్పు, సరైనది ఇది" అని రాయాలా? రెండోదే, సందేహం లేదు. కానీ పదిమంది ముందు ఆ మాట రాయడానికి పద్నాలుగేళ్ల పిల్లకి ఎంత టెన్షనో ఊహించండి. క్లాసులో ఒకసారి రాయిస్తే ఆ బెరుకు సగం పోతుంది.

క్లాస్‌మేట్ ఫొటోని అడగకుండా గ్రూపులో పెట్టడం, ప్రైవేట్‌గా చెప్పిన మాటకి స్క్రీన్‌షాట్ తీసి తిప్పడం, ఎవరో గీసిన బొమ్మని పేరు కత్తిరించి తనదిగా వేసుకోవడం, ఇవి కూడా ఇదే పాఠంలో రావాలి. వీటిలో సమాచారం అబద్ధం కాదు, అంతా నిజమే, అయినా తప్పే. ఆ తేడా పిల్లలకి మనం అనుకున్నదానికన్నా త్వరగా అర్థమవుతుంది, ఎందుకంటే దెబ్బ తగిలేది వాళ్లకే.

పెద్దవాళ్ల సంగతీ వదలకండి. 2016 అమెరికా ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్‌లో చూస్తే, 65 దాటినవాళ్లు అందరికన్నా చిన్న వయసు వాళ్లతో పోల్చితే దాదాపు ఏడు రెట్లు ఎక్కువ ఫేక్ న్యూస్ సైట్ల వ్యాసాలు పంచుకున్నారని 2019లో వచ్చిన పరిశోధన చెప్పింది. ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో "అది తప్పు" అని చెప్పాల్సి వచ్చేది ఈ పిల్లలే, అదీ గ్రూపులో అందరి ముందు కాకుండా, పక్కన కూర్చుని, "ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామా" అంటూ. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తు ఉంటే ఆ మెసేజ్ చాలా చేతులు మారి వచ్చిందని అర్థమని, 2020 నుంచి అలాంటివి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారని ఆ పెద్దాయనకి ఎవరైనా చెప్పారా? ఆ గుర్తు చూపిస్తే ఆయనే ఆగుతారు.

మీరు చేయాల్సిన పనుల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది పరీక్ష. పరీక్షలో లేనిది క్లాసులో ఉండదు, ఇది మీకు నేను చెప్పాలా. "లక్షణములు రాయుము" తీసేయండి. బదులుగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఇంటర్నెట్ పూర్తిగా తెరిచి, ఒక లింకు, ఒక ఫొటో, ఒక చాట్‌బాట్ జవాబు ఇవ్వండి. ఇరవై నిమిషాలు. నమ్మవచ్చా లేదా అన్న జవాబుకి కొన్ని మార్కులు చాలు. ఎక్కడికి వెళ్లారు, ఏమని టైప్ చేశారు, ఏది చూసి అభిప్రాయం మార్చుకున్నారు, ఎక్కడ "ఇంకా తేలలేదు" అని ఆగారు, ఈ దారి రాసినదానికి ఎక్కువ మార్కులివ్వండి. "తేలలేదు" అన్నది సరైన జవాబు అయ్యే ప్రశ్న కూడా ఒకటి ఉండాలి, తప్పనిసరిగా. కంప్యూటర్లు చాలని చోట ఇద్దరికొకటి ఇచ్చి జంటగా రాయించండి, ఇద్దరూ వాదించుకుంటే ఇంకా మంచిది.

ఉదాహరణల్ని పుస్తకంలో అచ్చేయకండి. అచ్చయిన రోజునుంచే అవి పాతబడతాయి, పైగా జవాబు గైడులో వచ్చేస్తుంది. పుస్తకంలో పద్ధతి ఉంచి, ఉదాహరణలు ఏటా టీచర్లకి విడిగా పంపండి. టీచర్లకి ముందు శిక్షణ ఇవ్వండి, ప్రొజెక్టర్ మీద స్లైడ్లు చూపించి టీ ఇచ్చి పంపే శిక్షణ కాదు, వాళ్లే ట్యాబ్‌లు తెరిచి తడబడే శిక్షణ.

వారోత్సవాలతో సరిపెట్టకండి. ఏటా అక్టోబర్ 24 నుంచి 31 దాకా మీడియా, సమాచార అక్షరాస్యత వారం జరపాలని 2021లో ఐక్యరాజ్యసమితి తీర్మానించింది, మంచిదే, కానీ ఆ వారం వచ్చేసరికి స్లోగన్ల పోటీ పెట్టి, పోస్టర్లు గీయించి, ఫొటో తీసి పైకి పంపడంతో అయిపోతోంది. మీడియాని చదవటం బళ్లో నేర్పాలని 19 దేశాల ప్రతినిధులు యునెస్కో పిలిస్తే జర్మనీలోని గ్రూన్‌వాల్డ్‌లో కూర్చుని 1982లోనే ప్రకటన చేశారు. అప్పటికి టీవీయే పెద్ద భయం. ఇన్నేళ్లయింది, ఇంకా నిర్వచనాల దగ్గరే ఉన్నాం.

చివరగా ఒక్క విన్నపం. కొత్త పాఠాన్ని ప్రెస్‌కి పంపే ముందు, నేను చెప్పిన ఆ ఇరవై నిమిషాల పరీక్ష మీ కమిటీ సభ్యులందరూ రాయండి. లింకులు మీకు తెలియనివాళ్ల చేత ఏరించండి, ఫోన్లు పక్కన పెట్టక్కర్లేదు, ఒకరికొకరు చెప్పుకోవద్దు. ఎవరు ఏ దారిలో వెళ్లారో, ఎంతమంది సరిగ్గా తేల్చారో, పేర్లు లేకుండా పుస్తకం ముందుమాటలో వేయండి.

ఇట్లు,
ఒక స్కూల్ లైబ్రేరియన్